ఈ రోజు తారీకు

నాంపల్లి కోర్టు గోడ పక్కన
నల్ల గొడుగు, మడత కుర్చీ, టైపు మిషన్.
బయటికి కనిపించే దుకాణం అంతే.
అసలు దుకాణం ఇంట్ల మంచం కింద,
రేకు పెట్టెల ఉండేది:
ఎవరి తాతలో కొని వాడక వదిలేసిన
పాత స్టాంపు కాగితాలు.

మొదటి పేజీకి స్టాంపు దొరుకుతది.
ఎనుక కుట్టే తెల్ల కాగితాలకు వయసెక్కడిది?
నేనే పోసెటోణ్ని.
ఇరానీ హోటల్ల డికాక్షన్ అడిగి తెచ్చి,
పాలు వద్దు, చక్కెర వద్దు,
దూదితోని అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టి
సన్నని సెగ మీద ఇస్త్రీ.
"ఏ సాలు కావాలె సేటూ?" అనెటోణ్ని,
చాయ్‌లు ఎన్ని అన్నంత సులువుగ.

గుండేరావు సేటుకు డెబ్బై ఎనిమిది కావాల్నన్నడు.
బోరబండల అరవై గజాలు.
కొట్టిన.

నెల తిరగకముందే ఒకామె వచ్చింది, మొగులమ్మ.
"నా జాగకు దొంగ కాగితం పుట్టిచ్చిన్రు బిడ్డా,
దర్ఖాస్తు కొట్టు" అన్నది.
అదే కుర్చీ. అదే మిషన్.
కొంగు ముడి ఇప్పి ముప్పై రూపాయలిచ్చింది.
తీసుకున్న.
"నీ అక్షరాలు ముత్యాలోలె ఉన్నయ్" అని
నా తల మీద చెయ్యి కూడ పెట్టింది.

మా మిషన్‌ల 'క్ష' ఒక్కటి
గీత దాటి మీదికి ఎగిరి పడతది.
దొంగ కాగితంల ఎగిరింది,
ఆమె దర్ఖాస్తుల ఎగిరింది.
రెండూ ఒకే ఫైల్‌ల పక్కపక్కన పండుకున్నయ్.
ఎవ్వరు చూడలే.
నేను చూసిన. చూసి ఆరేండ్లు
డికాక్షన్ తెచ్చుకుంటనే ఉన్న.

మనిషి మారిండంటే ఏదో మెరుపు మెరిసిందనుకుంటరు.
నాకేం మెరవలే.
మా భాగ్య పోయినంక బల్దియా ఆఫీసుల
ఫారం ఇచ్చి నింపుమన్నరు.
మరణించిన తేదీ.
చెయ్యి అలవాటుగ ఏడాది ఎనుకకు పోయింది.
గుమాస్త చూసి, "పెద్దాయనా,
నిరుడే పోయిందా మీ ఆమె?" అన్నడు.
ఆ ఏడాదంతా ఆమె నాకు అన్నం పెట్టింది.
మూసీకి నీళ్లొచ్చిన రాత్రి
మోకాలు నొప్పితోనే సామానంత అటకెక్కించింది.
ఒక్క గీతతోని అదంతా కొట్టేసిన.

కొట్టేసి, సరి తారీకు రాస్తుంటే
గుర్తు రాలే.
నిజంగ గుర్తు రాలే.

మర్నాడు జడ్జి ముందర నిలబడి
రెండు కాగితాలు పక్కపక్కన పెట్టిచ్చిన.
"సార్, ఈ క్ష చూడుండ్రి. నాది."
పద్నాలుగు నెలలు చంచల్‌గూడ.
బయటికొచ్చేసరికి బోరబండ జాగల
మూడంతస్తులు లేచినయ్, కింద మందుల షాపు.
అప్పీలు ఇంకా నడుస్తనే ఉన్నది.

మొగులమ్మ కాళ్లు పట్టుకోబోతే ఎనుకకు జరిగింది.
"నువ్వు నిజం చెప్తే ఇల్లొస్తదా?" అన్నది.
నోట్ల మాట లేదు.
ఇప్పుడు కూడ వాయిదాకు వాయిదాకు వస్తది,
నాతోనే కొట్టిచ్చుకుంటది.
పైసలొద్దంటే మాత్రం ఊకోదు.
"ముప్పై తీసుకో. నీ బాకీ
గంత అగ్గువకు తీరనియ్య."
లెక్కపెట్టి ఇస్తది. లెక్కపెట్టి తీసుకుంట.

పోరగాళ్లు ఇంకా వస్తుంటరు.
"చాచా, ఒక్క తారీకు. ఐదువేలు."
అబద్ధమెందుకు, చెయ్యి దురద పెడతది.
కిరాయి కట్టే రోజులైతే
ఇంకింత ఎక్కువ పెడతది.
మెకానిక్ 'క్ష' సరిచేస్తనంటే వద్దన్న,
ఎగరనియ్యి అన్న.

పొద్దుగాల మిషన్ మీది గుడ్డ తీసి
ముందుగాల ఒక చిన్న కాగితం ఎక్కిస్త.
ఈ రోజు తారీకు కొడత.
ఇంకేం కొట్ట.
మడిచి జేబుల పెట్టుకుంట.

హోటల్ పోరడు గోడ అవతల నుంచి అరుస్తడు,
"చాచా, డికాక్షనా?"

పాలు పోసి తేరా.